జపాన్ నోటు చెల్లని రోజు నుంచి రాయి

తమ్ముడూ,

నీ నవల చిత్తుప్రతి చదివాను. మలయాలోని (నేటి మలేసియా) పేరాక్ రబ్బరు తోటలో ఉన్న తెలుగు కుటుంబాన్ని బాగా పట్టుకున్నావు. కానీ 1945 సెప్టెంబరులో బ్రిటిష్‌వాళ్లు మలయాకు తిరిగి రాగానే కథ ముగించేశావు. అక్కడ ఆపొద్దు. మూడున్నరేళ్ల జపాన్ ఆక్రమణ నష్టం ఎవరి నెత్తిన పడిందో ఆ తర్వాతే తేలింది.

వస్తూనే బ్రిటిష్ సైనిక పాలన, ఆక్రమణలో జపాన్‌వాళ్లు అచ్చేసిన డాలర్ నోట్లు చెల్లవంది. పది డాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ ఉండేది. చివరికొచ్చేసరికి వరుస నంబరు కూడా లేకుండా అచ్చేశారు. కూలివాడు ట్రంకుపెట్టెలో దాచుకున్నదంతా చిత్తుకాగితమైంది. బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన నోట్ల మీదేమో 1941 తేదీ, ఆరో జార్జి బొమ్మ. మధ్యలో అసలేమీ జరగనట్టు! నీ నాయిక తల్లి ఆ పెట్టె తెరిచే ఘట్టం కచ్చితంగా రాయాలి. అప్పుల సంగతీ అంతే. పాత అప్పును జపాన్ నోట్లతో తీర్చేస్తే తీరినట్టా, కాదా? వడ్డీవ్యాపారం చేసే చెట్టియార్లకూ బాకీదార్లకూ ఏళ్ల తరబడి ఇదే టెన్షన్. 1948లో చట్టం చేస్తే గానీ ఆ లెక్క తెగలేదు.

ఇక ఖజానా. స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్‌లో (సింగపూర్, పెనాంగ్, మలక్కా ఉన్న బ్రిటిష్ వలసలో) 20వ శతాబ్దం తొలినాళ్లలో ప్రభుత్వ రాబడిలో దాదాపు సగం నల్లమందుదైన ఏళ్లున్నాయి. ఆ సర్కారు గుత్తవ్యాపారాన్ని మళ్లీ తెరవబోమని లండన్ 1943లోనే ప్రకటించింది. మంచి పనే, కానీ ఆ డబ్బు ఇంకెక్కడో పుట్టాలిగా? 1947 చివర్లో ఆదాయపు పన్ను చట్టం తెచ్చి, 1948 జనవరి నుంచి అమలు చేశారు. వ్యాపారులు, తెల్లవాళ్లూ చైనావాళ్లూ కూడా, గట్టిగా అడ్డుపడ్డారు. కలిగినవాడు పన్ను కట్టనని మొండికేస్తే భారం ఎవరి మీదికి జారుతుందో నీ పాత్రలకు బాగా తెలుసు. మలయా రబ్బరు అమెరికాలో తెచ్చిన డాలర్లేమో పౌండు మీద ఆధారపడ్డ దేశాలన్నిటికీ లండన్‌లో ఉన్న ఉమ్మడి నిధిలో కలిసేవి.

ఒక్క విషయం నన్ను వదలడం లేదు. మలయా తూర్పు రైలుమార్గం పట్టాలను జపాన్‌వాళ్లు సయాం (నేటి థాయ్‌లాండ్)–బర్మా రైల్వే కోసం పీక్కుపోయారు. తోటల్లోని తమిళుల్నీ తెలుగువాళ్లనూ అదే రైల్వే పనికి తోలుకెళ్లారు. మళ్లీ పట్టాలు వేయడానికి బడ్జెట్‌లో పద్దు ఉంటుంది. తిరిగిరాని మనిషి భార్యకు ఏ పద్దు కింద ఏం దక్కిందో వెతుకు. దొరక్కపోతే, ఆమె తోట ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగిందో రాయి.

అంకెలన్నీ కథలో దించొద్దు. బియ్యం కొరత, కొట్టువాడి ధర, మేస్త్రి మాటల్లోంచే అవి తెలియాలి. 1948 జూన్‌లో, కమ్యూనిస్టుల తిరుగుబాటు మీద బ్రిటిష్‌వాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ మొదలయ్యేదాకా కథ నడిపించు. రెండో ప్రతి పూర్తవగానే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య