పిల్లలకి మంటల గురించి చెప్పండి, భయపెట్టకండి

ప్రశ్న: నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. రెండో తరగతి పిల్లలకి అగ్నిప్రమాదాల గురించి ఒక వీడియో చూపించాను. ఇద్దరు ఏడ్చేశారు, ఒక పాప రాత్రిళ్లు నిద్రపోవడం లేదని వాళ్లమ్మ ఫోన్ చేశారు. వచ్చే వారం ఫైర్ స్టేషన్ వాళ్లు స్కూలుకి వస్తున్నారు. వాళ్లతో ఏం చెప్పించాలి? పిల్లల తరఫున థ్యాంక్స్ ఎలా చెప్పాలి?

జవాబు: ముందు ఆ వీడియో పక్కన పెట్టేయండి టీచర్ గారూ. కాలిపోతున్న ఇల్లు చూపిస్తే ఏడేళ్ల పిల్లలకి మంటే గుర్తుంటుంది, అప్పుడు ఏం చేయాలన్నది గుర్తుండదు. పైగా భయపడిన చిన్నపిల్లలు చాలాసార్లు బయటికి పరిగెత్తరు. మంచం కిందో, అల్మారాలోనో దాక్కుంటారు, పొగలో వెతుక్కుంటూ వచ్చినవాళ్లు పిలిచినా పలకరు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

అందుకే వచ్చేవాళ్లని ఉపన్యాసం అడగకండి, పిల్లల ఎదురుగానే డ్రెస్ వేసుకోమనండి. మామూలు బట్టల్లో నిలబడి, పేరు చెప్పి, కాసేపు కబుర్లాడి, ఆ తర్వాత బూట్లు, కోటు, వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్క్, హెల్మెట్ ఒక్కొక్కటే తొడుక్కుంటే, ఆ మాస్క్‌లోంచి వచ్చే బుసబుస శబ్దం మనిషి ఊపిరేనని పిల్లలకి అర్థమవుతుంది. తెలియకపోతే పొగలో ఆ రూపం వాళ్లకి భూతంలాగే ఉంటుంది. మాస్క్‌తోనే ఆయన పాకుతూ వచ్చి పిలిస్తే పిల్లలు ఎదురెళ్లి చెయ్యి పట్టుకోవాలి, ఇది ఒక్కొక్కరి చేతా చేయించండి. నిద్రపోని పాపని బలవంతపెట్టకండి, దూరం నుంచి చూసినా చాలు. ఆ సరంజామా అంతా కలిపి 20 కిలోలకు పైనే ఉంటుంది. హెల్మెట్ ఒక్కసారి చేతికిస్తే వాళ్ల కష్టం పిల్లలకి తెలిసిపోతుంది.

ఇక మీరు నేర్పాల్సినవి. అగ్నిప్రమాదాల్లో చాలామంది ప్రాణం తీసేది పొగే. అది పైకి పోతుంది కాబట్టి కిందకి వంగి పాకాలి. ఈ మాట నోటితో చెబితే సరిపోదు, ఇద్దరు పెద్దవాళ్లు ఒక దుప్పటిని నడుమెత్తున పట్టుకుంటే దాని కింద నుంచి పాకుతూ గుమ్మం దాకా వెళ్లడం ఆటలాగే అయిపోతుంది. మూసిన తలుపుని తెరిచే ముందు అరచేతి వెనకవైపుతో తాకి చూడాలి, వేడిగా ఉంటే తెరవకూడదు. బట్టలకి నిప్పంటుకుంటే పరిగెత్తకుండా ఆగి, పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. కానీ పాకడం, దొర్లడం ఒకే రోజు నేర్పకండి. పిల్లలు రెండూ కలిపేసుకుని, అలారం మోగగానే దొర్లడం మొదలుపెడతారు. బయటపడ్డాక అందరూ కలిసే చోటు ముందే అనుకోవాలి, దేనికోసమూ మళ్లీ లోపలికి వెళ్లకూడదు. "మరి మా కుక్కపిల్ల?" అని తప్పకుండా అడుగుతారు. ఫైర్ వాళ్లకి చెప్పు, వాళ్లు చూస్తారు అనండి.

థ్యాంక్స్ విషయానికొస్తే, బోర్డు మీద చూసి ఎక్కించిన కార్డులు వద్దు. ప్రతి పిల్లా, పిల్లాడూ తమ ఇంటి బొమ్మ గీసి, బయటికి వెళ్లే రెండు దారులు, కలిసే చోటు గుర్తుపెట్టి, అమ్మానాన్నలతో ఒకసారి నడిచి చూసి, ఆ బొమ్మనే ఫైర్ వాళ్లకి ఇవ్వాలి. పిల్లలు నిజంగా నేర్చుకున్నారని తెలిస్తే వాళ్లకి ఏ పూలగుచ్ఛమూ అంత సంతోషాన్నివ్వదు. ఏటా మే 4న అంతర్జాతీయ అగ్నిమాపక సిబ్బంది దినోత్సవం జరుగుతుంది, ఆ రోజు ఎరుపు, నీలం రిబ్బన్లు పెట్టుకుంటారు. ఎరుపు నిప్పుకి, నీలం నీటికి గుర్తు. 1998 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని లింటన్ దగ్గర కార్చిచ్చు ఆర్పుతుండగా గాలి మళ్లడంతో ఐదుగురు వాలంటీర్లు చనిపోయారు, ఆ తర్వాతే ఈ దినోత్సవం మొదలైంది. ఆ కథ పిల్లలకి ఇప్పుడే వద్దు, రిబ్బను చాలు.

ప్రశ్న: చిన్నగా చెయ్యి కాలితే పిల్లలకి ఏం చేయమని చెప్పాలి?

జవాబు: వెంటనే పెద్దవాళ్లని పిలిచి, కుళాయి కింద చల్లటి నీళ్లలో 20 నిమిషాలు పెట్టాలి. ఐసు, టూత్‌పేస్ట్, వెన్న ఏవీ రాయకూడదు. బొబ్బలు పెద్దవైతే, ముఖం మీద కాలితే ఆస్పత్రికి తీసుకెళ్లండి.