పెద్దవాళ్లు లేవగానే తూలుతుంటే బీపీ ఎలా చూడాలి?

కూర్చోబెట్టి చూస్తే 130/80 ఉందని, లేచినప్పుడు కళ్లు తిరగడాన్ని వయసు మీదకి నెట్టేయకండి. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి చూడండి. నిలబెట్టాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడాలి. పడిపోకుండా పక్కన ఒకరు ఉండాలి. కఫ్ (బీపీ మిషన్ పట్టీ) ఉన్న చేతిని గుండె ఎత్తులో పట్టుకోండి. చెయ్యి వేలాడితే రీడింగ్ ఎక్కువ చూపి, తగ్గుదల దాగిపోతుంది.

పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే సమస్య ఉన్నట్టే. అంత తగ్గినా నాడి 15 కూడా పెరగకపోతే పాత షుగర్, పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) వల్ల నరాల లోపం అనుమానించాలి (గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడేవారికి ఈ లెక్క పనికిరాదు).

మందుల సంచీ మొత్తం బల్ల మీద పోయించండి. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్, బీపీకి ప్రాజోసిన్, నీరు పోయే మాత్ర, నొప్పులకు అమిట్రిప్టిలిన్: నిలబడగానే బీపీని పడేసే ఇలాంటి మందులు, తలో డాక్టరు రాసినవి, తరచూ అక్కడే కలుస్తాయి.