ఎవరూ చనిపోని తొలిప్రేమ కథ

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో, అమెరికాలోని ఎడిసన్‌లో స్థిరపడిన ఒక తెలుగు తల్లి అడిగిన ప్రశ్నను ప్రచురించాము. పదిహేనేళ్ల తన కూతురు ఊళ్లోని గ్రంథాలయం నుంచి అమెరికన్ రచయిత్రి జూడీ బ్లూమ్ రాసిన ‘ఫరెవర్’ (ఎప్పటికీ) అనే నవలను, ప్రేమించుకున్న ఇద్దరు టీనేజీ పిల్లలు దగ్గరవడాన్ని దాచకుండా చెప్పే పుస్తకాన్ని, తెచ్చుకున్నదని, తాను నాలుగు పేజీలు తిప్పేసరికి గుండె గుభేలుమన్నదని, దానిని వెంటనే వాపసు ఇప్పించాలో, చూడనట్టు ఊరుకోవాలో తేలడం లేదని ఆమె రాశారు. లాక్కోవద్దని, ముందు మీరు మొదటి నుంచి చివరి వరకు చదివి, ఆ తరువాత అమ్మాయితో మాట్లాడమని నేను జవాబిచ్చాను. ఆ జవాబును మెచ్చుకుంటూ కొందరు, గట్టిగా తప్పుపడుతూ మరికొందరు ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఈ నెల పేజీలన్నీ కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కథలో తొందరపడినవారికి ఏ కష్టమూ రాకపోతే, అది తొందరపాటే కాదని పిల్లలు అనుకోరా? ఫలితం చూపించని కథ పిల్లల చేతికి ఇవ్వదగినదేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్నలోనే ఈ నవల పుట్టుక ఉన్నది. అప్పట్లో అమెరికాలో టీనేజీ పిల్లల కోసం వచ్చిన నవలల్లో, ప్రేమించి దగ్గరైన అమ్మాయికి ఏదో ఒక ఆపద రాసిపెట్టి ఉండేది. గర్భం వచ్చేది, చదువు ఆగిపోయేది, గర్భస్రావం వికటించేది, ఒక్కొక్కసారి ప్రాణమే పోయేది. అబ్బాయి మాత్రం తన దారిన తాను వెళ్లిపోయేవాడు. అలాంటి పుస్తకాలు వరసగా చదివి విసిగిపోయిన జూడీ బ్లూమ్ కూతురు ర్యాండీ, ఇద్దరు మంచి పిల్లలు ప్రేమించుకొని దగ్గరైనా ఎవరూ చనిపోనక్కరలేని కథ ఒకటి రాయమని తల్లిని అడిగింది. 1975లో వెలువడిన ఈ నవలను ఆమె, ఇచ్చిన మాట ప్రకారం అంటూ ఆ కూతురికే అంకితమిచ్చారు.

కథ క్లుప్తంగా ఇది. న్యూజెర్సీలో హైస్కూలు చివరి ఏడాది చదువుతున్న క్యాథరిన్, కొత్త సంవత్సరపు పార్టీలో మైకేల్‌ను కలుస్తుంది. ఇద్దరి మధ్యా ప్రేమ పెరుగుతుంది. ఎంత దూరం వెళ్లాలన్న విషయం మీద వాళ్లిద్దరూ చాలాసార్లు మాట్లాడుకుంటారు. ఆమె ఒక నిర్ణయానికి వచ్చాక న్యూయార్క్‌లోని ఒక క్లినిక్‌కు వెళ్లి గర్భనిరోధక మాత్రల గురించి వైద్య సలహా తీసుకుంటుంది. వేసవి సెలవుల్లో ఇద్దరూ చెరొక చోట పనికి వెళ్లవలసి వస్తుంది. అక్కడ ఆమె మనసు మరొకరి వైపు మళ్లుతుంది. ఎప్పటికీ ఉంటుందని ప్రమాణం చేసుకున్న ప్రేమ ఆ వేసవిలోనే ముగిసిపోతుంది.

ఇందులో ఫలితం లేదని అనడం సరికాదని నా అభిప్రాయం. సిబిల్ అనే మరో అమ్మాయి బిడ్డను కని దత్తతకు ఇస్తుంది. మైకేల్ స్నేహితుడు ఆర్టీ ప్రాణం తీసుకోబోతాడు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. నాయిక విషయంలో అయితే, తన మనసు మారిందని, తనను ఇంకా ప్రేమిస్తున్న మనిషి ముఖం చూస్తూ ఒప్పుకోవలసి రావడమే ఫలితం. ఆ ఘట్టం చదివినప్పుడు, యాభై దాటిన నాకు కూడా గొంతు పట్టుకున్నది. దెబ్బ తగలడానికీ శిక్ష పడడానికీ తేడా ఉన్నది కదా మాస్టారూ. మొదటిది జీవితం ఇస్తుంది, రెండవది కథకుడు వేస్తాడు. మీరు తరగతి గదిలో శకుంతలోపాఖ్యానం చెప్పి ఉంటారు. గాంధర్వ వివాహం చేసుకున్న శకుంతలను నన్నయగారు దోషిగా నిలబెట్టలేదు. నిండు సభలో రాజును నిలదీసి, సత్యం గురించి మాట్లాడే పద్యాలను ఆమె నోటనే పలికించారు. ఆ పద్యాలు మన పిల్లల చేత కంఠస్థం చేయించాము, అది ఏ సందర్భంలో పలికిన మాటో మాత్రం దాటవేస్తూ వచ్చాము.

ప్రశ్న: అమెరికాలోనే కొన్ని రాష్ట్రాలు ఈ నవలను బడుల నుంచి తీసివేశాయి. ఆ దేశం వాళ్లే వద్దన్న పుస్తకాన్ని మీరు ఎందుకు సమర్థిస్తున్నారు?
– ఒక తండ్రి, డాలస్

జవాబు: తీసివేసిన మాట నిజం. ఫ్లోరిడాలోని మార్టిన్ కౌంటీ బడుల్లో 2023లో తొలగించారు. యూటాలో 2024లో వచ్చిన చట్టం ప్రకారం, కనీసం మూడు స్కూల్ డిస్ట్రిక్టులు (బడుల స్థానిక పాలనా విభాగాలు) ఒక పుస్తకాన్ని అభ్యంతరకరమని తీసివేస్తే అది రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నింటిలోనూ ఉండకూడదు. ఆ ఏడాది ఆగస్టులో వెలువడిన మొదటి జాబితాలోని పదమూడు పుస్తకాల్లో ఇదీ ఒకటి. అయితే అదే దేశంలోని గ్రంథాలయ సంఘం, టీనేజీ పాఠకులకు చేసిన మేలుకు గుర్తింపుగా, ఈ నవలకే 1996లో మార్గరెట్ ఎడ్వర్డ్స్ పురస్కారం ఇచ్చింది. అంటే ఆ దేశం వాళ్లు ఒక్కమాటగా వద్దనలేదు, యాభై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. మీ అమ్మాయికి ఇవ్వకూడదని మీరు అనుకుంటే అది తండ్రిగా మీ నిర్ణయం, దానిని నేను గౌరవిస్తాను. పక్కింటి అమ్మాయికి కూడా దొరకకూడదని పట్టుబట్టినప్పుడే నాకు మీతో పేచీ.

ప్రశ్న: ఆ దేశపు అలవాట్లు వేరు, మన ఇళ్ల పద్ధతి వేరు. ఇలాంటివి చదివితే మన ఆడపిల్లల మనసు చదువు మీద నిలుస్తుందా? ఆ వయసులో వాళ్లకు ఇవన్నీ ఎందుకండీ?
– ఇద్దరు ఆడపిల్లల తండ్రి, కరీంనగర్

జవాబు: మీ ఉత్తరంలో భయం ఉన్నది, ఆ భయం వెనుక ప్రేమ ఉన్నది. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఆ వయసులో ఇవన్నీ ఎందుకు అని అడిగారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య వయసున్న స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పదిహేడేళ్ల పిల్లను మెడలు వంచి పీటల మీద కూర్చోబెట్టేటప్పుడు, దేహం గురించి ఆమెకు ఏం తెలుసునని అడిగేవారు ఒక్కరూ కనపడరు. అదే పిల్ల ఒక పుస్తకం తెరిస్తే మాత్రం వయసు గుర్తుకు వస్తుంది. మీరు అలాంటివారని నేను అనడం లేదు. మీ పిల్లల తోటివారిలో, బహుశా అదే బెంచీలో కూర్చున్నవారిలో, ఈ విషయాలు ఏ పుస్తకమూ చెప్పకుండానే జీవితం మీద పడబోయేవారు ఉన్నారని మాత్రమే అంటున్నాను.

పద్ధతులు వేరన్న మీ మాటలో నిజం ఉన్నది, అయితే ఆ తేడాను నేను మరొక చోట చూస్తున్నాను. ఆ నవలలోని నాయిక క్లినిక్‌కు వెళ్లి వచ్చినంత తేలికగా ఇక్కడి అమ్మాయి వెళ్లలేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి సమ్మతికి చట్టంలో విలువ లేదు. ఇద్దరూ ఇష్టపడి దగ్గరైనా అది నేరమే అవుతుంది, అబ్బాయి జైలుకు వెళ్లవచ్చు. విషయం తెలిసిన వైద్యులు పోలీసులకు తెలియజేయవలసి ఉంటుంది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు పేరును ఆ సమాచారంలో బయటపెట్టనక్కరలేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది కానీ, ఆ సంగతి ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? దీనికి తోడు పరువు పేరిట జరిగే దాడులు, హత్యలు మన రెండు రాష్ట్రాల వార్తల్లో కొత్తవి కావు. ఈ నవలను చదివే తెలుగు అమ్మాయితో పెద్దవాళ్లు మాట్లాడవలసిన అవసరం అమెరికాలో కంటే ఇక్కడే ఎక్కువ అనడానికి ఇవే కారణాలు. పుస్తకం ఇచ్చి వదిలేయమని నేను ఎన్నడూ అనలేదు.

చదువు పాడవుతుందన్న విషయానికి వస్తే, నేను ఒక శాఖా గ్రంథాలయంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. తాళం వేసిన బీరువాలో పెట్టిన పుస్తకాలే ఎక్కువగా నలిగేవి. చలం రచనలను ఎవరూ బల్ల దగ్గరకు తెచ్చి అడిగేవారు కాదు, అయినా వాటి అట్టలు ఏటా ఊడిపోయేవి. ఇప్పటి పిల్లలకు బీరువా అక్కరలేదు, జేబులో ఫోన్ ఉన్నది. ఆ ఫోన్‌లో వాళ్లకు దొరికే దృశ్యాలలో మనుషులు ఒకరినొకరు ఏమీ అడగరు, భయపడరు, ఆలోచించరు, మరునాడు ఏమైందో అందులో ఉండదు. నవలలో మరునాడు ఉంటుంది. నేను ఈ పుస్తకాన్ని సమర్థించడానికి అన్నింటికంటే పెద్ద కారణం ఇదే.

దేహం గురించిన ఈ పాఠాలు బడిలో చెప్పించవచ్చు కదా అని మీరు అనవచ్చు. కౌమార విద్యా కార్యక్రమం అన్న పేరుతో ఆ బోధన మొదలైన కొద్దికాలానికే, 2007 ప్రాంతంలో, సంస్కృతికి విరుద్ధమంటూ కొన్ని రాష్ట్రాలు దానిని ఆపివేశాయి. 2014లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద, 10 నుంచి 19 ఏళ్ల వారికి సలహా ఇచ్చే ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. మీ అమ్మాయిలకు వాటి గురించి చెప్పండి.

ప్రశ్న: మేడమ్, నేను ఈ నవల చదివాను. మీరు మెచ్చుకున్నంతగా నాకు నచ్చలేదు. మైకేల్ ఆమెను పదే పదే ఒత్తిడి చేస్తాడు. ఆమె ‘ఇప్పుడు కాదు’ అన్న ప్రతిసారీ మళ్లీ అడుగుతాడు. దీనిని అందమైన తొలిప్రేమ అని ఎలా అనగలం?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీదే. మీరు చెప్పింది నిజం. 1975లో ఆ అబ్బాయి మంచివాడిగానే చాలామందికి కనిపించి ఉంటాడు. ఆమె కాదన్నప్పుడు ఆగుతాడు, బలవంతం చేయడు, కోపం వచ్చినా తిరిగి వస్తాడు. ఈనాడు చదివితే, అడగడం ఎక్కడ ముగిసి వేధించడం ఎక్కడ మొదలవుతుందన్న గీత అతనికి స్పష్టంగా తెలియదని అర్థమవుతుంది. రచయిత్రికి కూడా ఆ గీత మీద అంత దృష్టి లేదనిపిస్తుంది. నా పాత జవాబులో ఈ సంగతి రాయకపోవడం లోపమే.

నాకు మరొక అసంతృప్తి కూడా ఉన్నది. కొన్ని పేజీలు నవలలా కాక ఆరోగ్యశాఖ కరపత్రంలా నడుస్తాయి, క్లినిక్ ఘట్టం మరీను. కాలం మారిందని రచయిత్రికీ తెలుసు. నవల వచ్చిన రోజుల్లో జాగ్రత్త అంటే గర్భం రాకుండా చూసుకోవడమేనని, ఇప్పుడు లైంగిక వ్యాధుల నుంచి కాపాడుకోవడం కూడా అందులో భాగమని తరువాతి ముద్రణల్లో ఆమె ప్రత్యేకంగా రాశారు. 2025లో ఇదే కథను, లాస్ ఏంజెలెస్‌లోని నల్లజాతి పిల్లల జీవితంలోకి మార్చి, నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌గా తీశారు.

అయినా ఒక్క ఘట్టం కోసం ఈ నవలను నేను వదులుకోలేను. క్యాథరిన్ తల్లి గ్రంథాలయంలో పనిచేస్తుంది. కూతురి మీద అరవకుండా, నిఘా పెట్టకుండా, ఒక పత్రికా వ్యాసాన్ని ఆమె చదివేలా చేస్తుంది. అందులో కొన్ని ప్రశ్నలు ఉంటాయి. ఈ అనుబంధానికి అది తప్పనిసరా, సహాయం అవసరమైతే ఎక్కడికి వెళతావు, ఇది ముగిసిపోతే ఎలా ముగుస్తుందో ఆలోచించావా అన్నవి వాటిలో కొన్ని. ప్రేమలో మునిగి ఉన్న పిల్లను, ముగింపు గురించి ఆలోచించావా అని అంత మెత్తగా అడిగిన తల్లిని నేను తెలుగు నవలల్లో చూడలేదు. మన నవలల్లో తల్లి ఏడుస్తుంది, ఒట్టు వేయించుకుంటుంది, లేదా విషం తాగుతానని బెదిరిస్తుంది.

మీరు ఈ నవల చదివి, నచ్చలేదని, ఏది నచ్చలేదో వేలు పెట్టి చూపగలిగారు. మీ ఉత్తరాన్ని ఎడిసన్ అమ్మగారికి కూడా పంపాను. కూతురితో మాట్లాడేటప్పుడు మైకేల్ ప్రవర్తన గురించి ముందుగా అడగమని ఆమెకు రాశాను.

ప్రశ్న: అమ్మా, నాకు పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం. ఇంట్లో ఇలాంటి మాటలు ఎత్తితే చాలు, ఎవరైనా ఉన్నారా అని అనుమానిస్తారు. నాకు ఎవరూ లేరు, తెలుసుకోవాలని ఉంది, అంతే. తెలుగులో మా వయసువాళ్ల కోసం ఇలాంటి నవలలు ఉన్నాయా? అమ్మకు చెప్పకుండా చదవడం తప్పా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: తల్లీ, తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు. నీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నవల చదివినందుకు నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. అయితే దాచి చదివితే, చదివాక పుట్టిన అనుమానాలను కూడా దాచుకోవలసి వస్తుంది, అక్కడే ఒంటరితనం మొదలవుతుంది. అమ్మతో నేరుగా మాట్లాడలేకపోతే పిన్నితోనో, పెళ్లయిన అక్కతోనో, నీకు నమ్మకమున్న టీచరమ్మతోనో మాట్లాడు. ఒకటి మాత్రం గుర్తుంచుకో. ఇలాంటి సంగతులు నీతో మాట్లాడుతూ, ఇంట్లో చెప్పవద్దని పెద్దవాళ్లు ఎవరైనా అంటే, వాళ్లు ఎంత దగ్గరివారైనా సరే, ఆ మాట వెంటనే ఇంట్లో చెప్పు. పిల్లల సహాయం కోసం 1098 నంబరు ఉన్నది, దానికీ ఫోన్ చేయవచ్చు.

నీ మొదటి ప్రశ్నకు సంతోషకరమైన జవాబు నా దగ్గర లేదు. మా చిన్నప్పుడు చందమామ చదవడం మానేసిన మరునాడే వారపత్రికల సీరియళ్లలోకి వెళ్లిపోయేవాళ్లం. ఆ సీరియళ్లలో నాయకుడు ఆరడుగుల ఆజానుబాహుడు, నాయిక అతని కోసం వేచి ఉండేది, పెళ్లితో కథ ముగిసేది. నీ వయసులోని అమ్మాయి ఏమనుకుంటుందో, ఎందుకు భయపడుతుందో, ఇష్టం తగ్గిపోయినప్పుడు ఏం చేస్తుందో, ఆమె మాటల్లోనే చెప్పే తెలుగు నవల నీ చేతికి ఇవ్వాలని గ్రంథాలయంలో ఉన్నన్నాళ్లూ వెతికాను. పెద్దల కోసం రాసినవే కనిపించాయి.

ఈ పేజీ చదివే రచయితలు చాలామంది ఉన్నారు. నీ ఉత్తరాన్ని ఒక్క అక్షరం కూడా మార్చకుండా పైన ప్రచురించింది వారి కోసమే.