బాన్షీని ‘దెయ్యం’ అనవచ్చునా?

ఐరిష్ పల్లె కథను అనువదిస్తూ, అందులోని బాన్షీ అనే పాత్రకు ‘దెయ్యం’ అన్న మాట సరిపోతుందా అని మీరు అడిగారు, సరిపోదు. బాన్షీ అన్న పేరుకు ‘దిబ్బలోని స్త్రీ’ అని అర్థం. పాత మట్టిదిబ్బలలో నివసించే అదృశ్య జాతికి చెందిన ఆమె ఎవరినీ పట్టదు, పీడించదు. కొన్ని పాత వంశాలలో చావు దగ్గరపడినప్పుడు ఇంటి బయట శోకాలు పెడుతుంది (మన ఈ మాట ఆమెకు అచ్చంగా అతుకుతుంది). దారిలో దొరికిన ఆమె దువ్వెనను ఇంటికి తెచ్చుకున్న మనిషి, ఆ రాత్రి కిటికీ దగ్గర ఏడుపు విని, ఆ దువ్వెనను పట్టకారుతో బయటికి అందించగా, పట్టకారు మెలితిరిగి వెనక్కి వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. అందువల్ల ‘బాన్షీ’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘చావును ముందే ఏడ్చి తెలిపే స్త్రీ’ అని కథనంలోనే కలపండి. 1937–39లో ఐర్లండ్ బడిపిల్లలు పెద్దలను అడిగి రాసుకున్న కథలను అక్కడి జానపద సేకరణలను ఉంచిన డూకస్ (duchas.ie) వెబ్‌సైట్‌లో ఉచితంగా చదివి పోల్చుకోవచ్చు.