బైట్లను చివరిదాకా బైట్లుగానే ఉండనివ్వు

చిరంజీవి అమ్మలుకు, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఋషికొండ ఆఫీసు నుంచి పంపిన క్వెరీ, అదే డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశం, చూశాను. ఏ టేబుల్ ఎంత చోటు తింటోందో చెప్పే నివేదికలో 980 కేబీల టేబుల్ అన్నిటికంటే పైన, దాని కింద 75 ఎంబీలది, అట్టడుగున 12 జీబీలది! "పెద్దదాని నుంచి చిన్నదానికి అనే రాశాను కదా పెదనాన్నా" అన్నావు. రాశావు. కానీ అప్పటికే, బైట్లను కేబీలు, ఎంబీలుగా రాసి చూపే పీజీ సైజ్ ప్రెట్టీ ఫంక్షన్‌తో అంకెను అక్షరాలుగా మార్చేశావు. అక్షరాల లెక్కలో ముందు మొదటి గుర్తునే పోలుస్తారు: 7 కంటే 9 పెద్దది, 1 కంటే 7 పెద్దది. పక్కన కేబీ ఉందా, జీబీ ఉందా అన్నది దానికి పట్టదు.

ఇంకో మెలిక కూడా ఉంది. మార్చిన కాలమ్‌కు కూడా పాత పేరు 'సైజ్' అనే పెట్టావు. వరస చెప్పే ఆర్డర్ బైలో ఆ పేరు కనబడగానే నువ్వు వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ నీ కొత్త కాలమ్‌నే తీసుకుంటుంది, అసలు కాలమ్‌ను కాదు. చూపించే కాలమ్‌కు వేరే పేరు పెట్టి, వరస మాత్రం బైట్ల కాలమ్ మీద వెయ్యి. కూడినా, పోల్చినా, వడగట్టినా అన్నీ బైట్లలోనే. కంటికి ఇంపుగా మార్చడం ఆఖరి మెట్టు.

భాగహారం దగ్గర మరీ జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్‌లోనూ, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మరో డేటాబేస్‌లోనూ పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశాలు ఎగిరిపోతాయి. 900 కేబీల ఫైలు ఎంబీల్లో సున్నా అవుతుంది. అలాంటివి వెయ్యి ఉంటే, ఒక్కొక్కదాన్నీ మార్చి కూడితే మొత్తం సున్నా. ముందు కూడి తరవాత మారిస్తే దాదాపు 879 ఎంబీలు. పూర్ణా మార్కెట్లో 900 గ్రాముల చొప్పున పది రకాల కూరలు కొని, ఏదీ కిలో నిండలేదు కాబట్టి సంచీ ఖాళీ అన్నట్టు ఉంటుంది. 1024 బదులు 1024.0 అని రాస్తే చాలు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో ఈ బాధ లేదు, దశాంశాలు అదే ఇస్తుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మారితే మరో రెండు గుర్తుంచుకో. సాధారణ ఇంట్ (పూర్ణాంకాల) కాలమ్‌ను కూడితే మొత్తం 2,147,483,647 దాటగానే, అంటే 2 జీబీల దగ్గరే, అంకె పట్టలేదంటూ ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది. ముందే, ఇంకా పెద్ద అంకెలు పట్టే బిగ్‌ఇంట్‌గా మార్చుకో. డేటాబేస్ ఫైళ్ల జాబితాలో అది చూపే సైజు బైట్లు కాదు, 8 కేబీల పేజీలు. 128తో భాగిస్తే ఎంబీలు వస్తాయి.

మీ పై అధికారి 500 జీబీల డిస్కు 465గా ఎందుకు కనబడుతోందని తప్పకుండా అడుగుతాడు. డిస్కు తయారీదారు వెయ్యితో లెక్కకడతాడు, విండోస్ 1024తో. ఈ గొడవ తీర్చడానికే 1998లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1024 లెక్కకు మెబీబైట్, గిబీబైట్ అనే పేర్లు తెచ్చింది. మైఎస్‌క్యూఎల్ ఫార్మాట్ బైట్స్ ఫంక్షన్ ఆ పేర్లే వాడుతుంది. పోస్ట్‌గ్రెస్ 1024తో భాగించి కూడా ఎంబీ అనే రాస్తుంది. అదొక మొండిఘటం! పైగా 9 జీబీలను 9216 ఎంబీలుగానే చూపుతుంది, పది దాటితేగాని పై కొలతకు ఎక్కదు. అందుకని నివేదిక తలకట్టులోనే "1 ఎంబీ = 1024 కేబీ" అని రాసిపెట్టు.

అన్నట్టు, స్కాన్ చేసిన పత్రాలు టేబుల్‌లోనే ఉన్నాయన్నావు. పోస్ట్‌గ్రెస్ పెద్ద విలువలను పక్కన టోస్ట్ అనే వేరే టేబుల్‌లో దాస్తుంది. నువ్వు వాడిన పీజీ రిలేషన్ సైజ్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, వెతుకులాట త్వరగా సాగడానికి ఉంచే ఇండెక్సులనూ తీసుకోదు. పీజీ టోటల్ రిలేషన్ సైజ్ వాడు. ఆ 75 ఎంబీల టేబుల్ అసలు బరువు అప్పుడు తెలుస్తుంది.

ఎక్సెల్‌కు పంపేటప్పుడు బైట్ల కాలమ్ కూడా ఉంచు, అక్కడ ఎవరో ఒకరు కూడి చూస్తారు. సరిదిద్దిన క్వెరీ రేపు సాయంత్రంలోగా పంపితే చూసిపెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం