చిన్న కోతతో గుండె కవాటం మార్పిడి క్షేమమేనా?

ప్రశ్న: మా అమ్మగారికి 46 ఏళ్లు. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల ఆమె మైట్రల్ కవాటం (గుండె ఎడమవైపు పై, కింది గదుల మధ్య ఉండే తలుపు) ముడుచుకుపోయి, గట్టిపడి, లీకవుతోందని, బెలూన్‌తో వెడల్పు చేసే దశ దాటింది కనుక కవాటం మార్చాలని డాక్టర్లు చెప్పారు. ఒక ఆసుపత్రిలో రొమ్ము ఎముక కోసి చేస్తామన్నారు. మరొక చోట కుడి పక్కన చిన్న కోత చాలన్నారు. చిన్న రంధ్రంలోంచి గుండె సరిగా కనిపించదని, ప్రాణానికే ముప్పని బంధువులు భయపెడుతున్నారు. ఏది క్షేమం? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కోత చిన్నదైనా గుండె లోపల చేసే పని చిన్నదేమీ కాదు. రెండు పద్ధతుల్లోనూ రక్తప్రసరణను హార్ట్-లంగ్ యంత్రానికి అప్పగించి, గుండెను కొంతసేపు ఆపి, ఎడమ కర్ణికను తెరిచి, పాడైన కవాటం స్థానంలో కొత్తదాన్ని కుట్టవలసిందే. తేడా అక్కడికి చేరే దారిలో ఉంది. పాత పద్ధతిలో నిలువునా కోసిన ఎముకను స్టీలు తీగలతో బిగిస్తారు. అది గట్టిగా అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చిన్న కోత పద్ధతిలో ఎముక జోలికి పోకుండా, కుడివైపు పక్కటెముకల సందులో సుమారు ఐదారు సెంటీమీటర్ల కోత పెట్టి, కెమెరా సాయంతో, పొడవాటి పరికరాలతో పని చేస్తారు. కుడి పక్క నుంచి చూస్తే మైట్రల్ కవాటం దాదాపు ఎదురుగా ఉంటుంది, కెమెరా దాన్ని మరింత పెద్దదిగా చూపుతుంది కాబట్టి, కనిపించదన్న భయం అక్కరలేదు.

బ్రిటన్‌లో మైట్రల్ లీకు ఉన్న 330 మందిపై ఈ రెండు పద్ధతులనూ పోల్చిన అధ్యయనం 2023లో వెలువడింది. 12 వారాలు గడిచేసరికి రెండు వర్గాల వారూ దాదాపు సమానంగానే కోలుకున్నారు. ఏడాది వరకు గమనించినా చిన్న కోత వల్ల ప్రమాదం పెరిగినట్లు తేలలేదు. ఇంటికి మాత్రం చిన్న కోత వర్గం వారే ముందుగా వెళ్లారు. అయితే ఆ రోగులవి వయసుతో సాగి వదులైన కవాటాలు, ఆపరేషన్ చేసినవారు ఈ పద్ధతిలో చేయి తిరిగిన సర్జన్లు. మీ అమ్మగారిది రుమాటిక్ జ్వరంతో గట్టిపడిన కవాటం కాబట్టి ఆ ఫలితాలను ఆమెకు యథాతథంగా అన్వయించుకోకూడదు.

ఈ పద్ధతికి తనవైన ఇబ్బందులూ ఉన్నాయి. యంత్రం గొట్టాలను సాధారణంగా గజ్జల్లోని రక్తనాళాల ద్వారా వేస్తారు కనుక అక్కడ నాళం దెబ్బతినడం, నీరు చేరడం, చీము పట్టడం జరగవచ్చు. గుండెను ఆపి ఉంచే సమయం తరచూ ఎక్కువవుతుంది. అందుకే ముందుగా సీటీ స్కాన్‌తో బృహద్ధమనినీ గజ్జల నాళాలనూ, అన్నవాహిక ద్వారా చేసే ఎకోతో కవాటాన్నీ పరీక్షించాలి. నాళాల్లో కొవ్వు, సున్నం బాగా పేరుకున్నవారికి, కుడి ఊపిరితిత్తికి గతంలో ఆపరేషన్ జరిగినవారికి, కవాటం చుట్టూ సున్నం గడ్డకట్టినవారికి రొమ్ము ఎముక కోసే పద్ధతే మేలు.

నా సలహా ఇది: రెండో ఆసుపత్రి సర్జన్‌ను ఈ పద్ధతిలో ఏటా ఎన్ని మైట్రల్ ఆపరేషన్లు చేస్తారో, వాటిలో రుమాటిక్ కేసులు ఎన్నో, మధ్యలో ఎముక కోయవలసి వచ్చినవి ఎన్నో సంకోచించకుండా అడగండి. అనుభవమున్న సర్జన్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. ఆపరేషన్ మధ్యలో రక్తస్రావం అదుపు కాక ఎముక కోయవలసి వస్తే దాన్ని వైఫల్యంగా భావించవద్దు. ఆ అవసరం రావచ్చని అంగీకార పత్రంలో ముందే రాసి ఉండాలి. తృప్తికరమైన జవాబు రాకపోతే, రోజూ చేసే పాత పద్ధతిలో నేర్పున్న సర్జన్ చేతిలోనే అమ్మగారిని పెట్టండి. మచ్చ చిన్నదా పెద్దదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ప్రశ్న: చిన్న కోతతో మెటల్ కవాటం వేయించుకున్నాను. గాయం పూర్తిగా మానింది. రక్తం పలచబడే మాత్ర ఆపవచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆపకూడదు. కోత ఎంతదైనా లోపల ఉన్నది లోహపు కవాటమే. మాత్ర ఆపితే దానిపై రక్తం గడ్డకట్టి కవాటం బిగుసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు. మీది మైట్రల్ స్థానంలో ఉంటే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే రక్తపరీక్ష విలువ) సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఆకుకూరలు మానక్కరలేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినండి. పన్ను తీయించుకునే ముందు కవాటం సంగతి దంతవైద్యుడికి తప్పక చెప్పి, యాంటీబయాటిక్ వేయించుకోండి. మాత్ర విషయంలో మాత్రం మీ గుండె డాక్టరును అడగకుండా ఏ మార్పూ చేయకండి.