మీ అమ్మాయి చేతికి ముందు తిలక్‌ని ఇవ్వండి

ఇంటర్ చదివే అమ్మాయికి కవిత్వం అలవాటు చేయాలనుకుంటే, "ఈ రోజుల్లో ఇవన్నీ ఎందుకు?" అని తనే ఎదురు అడిగిందన్నారు. ముందుగా ప్రబంధాలు, అంటే పాతకాలపు పద్యకావ్యాలు ఇచ్చి ఉంటారు, అక్కడే బెడిసికొట్టింది. లైబ్రరీలో నేను రోజూ చూసేదేనండి ఇది.

కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ 'అమృతం కురిసిన రాత్రి'తో మొదలుపెట్టండి. ఆయన పోయాక 1968లో వచ్చింది. వచన కవితలే కాబట్టి నిఘంటువు పెద్దగా అక్కర్లేదు. అందులో 'తపాలా బంట్రోతు' ఒక్కటి చదివించండి చాలు. అందరి ఉత్తరాలూ మోసుకొచ్చే మనిషిని మనం ఎన్నడైనా సరిగా చూశామా అనిపిస్తుంది. మరుసటి రోజు పార్సిల్ తెచ్చిన కుర్రాణ్ణి మంచినీళ్లు కావాలా అని అడిగిందంటే, తన ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

తర్వాత జాషువా 'గబ్బిలం', 1941 నాటిది. ఒక దళితుణ్ణి గుడిలోకి రానివ్వరు, గబ్బిలానికి మాత్రం అడ్డులేదు. అందుకే తన గోడు శివుడికి చెప్పమని దాన్ని బతిమాలతాడు అతను. పద్యాలు కదా, మీరు పైకి చదవండి, తను వింటుంది.

శ్రీశ్రీ గురించి టెన్షన్ వద్దు. ఆయన్ని తనే వెతుక్కుంటుంది. పరీక్షలా అర్థాలు మాత్రం అడక్కండి.